ఓడ దిగాక బోడి మల్లయ్య: గోల్డ్ కార్డుతో నాలుగు విమానాలు

"మీ ప్రయోజనాలను మరింత సులభతరం చేశాం" అని విమానయాన సంస్థ నుంచి మెయిల్ వచ్చిందంటే ఏదో ఊడిందనే అర్థం. ఆరేళ్లుగా ఒకే సంస్థ విమానాల్లో తిరుగుతూ గోల్డ్ కార్డు (తరచూ తిరిగేవాళ్లకి సంస్థ ఇచ్చే హోదా) నిలబెట్టుకుంటూ వస్తున్నాను కాబట్టి ఆ భాష నాకు కాస్త వంటబట్టింది. అసలు సంగతి మూడో పేరాలో దొరికింది. కాళ్లు చాపుకోవడానికి ఎక్కువ జాగా ఉండే సీట్లను టికెట్ కొన్న రోజే ఉచితంగా ఎంచుకునే వీలు ఇకమీదట పై మెట్టు వాళ్లకే. గోల్డ్ వాళ్లు ప్రయాణానికి 72 గంటల ముందు చూసుకోవాలి, మిగిలి ఉంటే.

ఆ "మిగిలి ఉంటే" దగ్గరే మా ప్రయాణం మొదలైంది.

మా ఆయన ఆరడుగుల పైన ఒక అంగుళం. మామూలు సీట్లో కూర్చుంటే మోకాళ్లు ముందు సీటు వీపుకి ఆనుకుంటాయి. ముందాయన సీటు వెనక్కి వాల్చాడా, ఇక ఆ పూటకి ఈయన ముఖం చూడలేం. నాకు లాంజ్‌లో కాఫీ లేకపోయినా ఫర్వాలేదు, పెట్టె ముందుగా రాకపోయినా ఫర్వాలేదు. ఈ కార్డు కోసం నేను ఇన్నేళ్లు పడిన పాట్లన్నీ ఆ నాలుగైదు అంగుళాల కోసమే. నాతోపాటు వచ్చే ఒకరికి కూడా ఆ సీటు ఇచ్చేవాళ్లు, అదీ అసలు ఆకర్షణ.

మొదటిది రాత్రి విమానం, ఫ్రాంక్‌ఫర్ట్‌కి. సరిగ్గా 72 గంటల ముందు అంటే తెల్లవారుజామున రెండున్నర. అలారం పెట్టుకుని లేచాను. సీటు మ్యాప్ తెరిచి చూస్తే జాగా ఎక్కువ ఉన్న వరుసల్లో రెండంటే రెండు మిగిలాయి. రెండూ మధ్య సీట్లే, పైగా వేర్వేరు వరుసల్లో. మిగతావి పై మెట్టు వాళ్లు కొన్ని, డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు కొన్ని ఎప్పుడో పట్టుకుపోయారు. ఆయనకి ఒకటి తీసుకుని, నేను వెనక మామూలు వరుసలో నడవ పక్క సీటు పెట్టుకున్నాను. అదైనా దక్కిందని మళ్లీ పడుకున్నాను.

దక్కలేదు. బయల్దేరే ముందటి మధ్యాహ్నం విమానాన్నే మార్చారు. వరుసకి తొమ్మిది సీట్లున్న బోయింగ్ 777 బదులు పది సీట్లున్న 777. పేరొకటే, లోపల లోకం వేరు. అదే వెడల్పులో ఒక సీటు అదనంగా ఇరికిస్తే ఒక్కో సీటూ సుమారు అంగుళం తగ్గుతుంది. విమానం మారినప్పుడల్లా సీట్లను కంప్యూటరే మళ్లీ పంచుతుంది. ఎవరు ఎంత కాలంగా తిరుగుతున్నారో దానికి తెలుసు, మోకాళ్ల సంగతే తెలీదు. ఆయన 38లో మధ్య సీటు, నేను 44లో మధ్య సీటు. కౌంటర్లో అమ్మాయి మర్యాదస్తురాలే. "మేడమ్, సిస్టమ్ ఇచ్చింది" అంది. నిజమే, ఆవిడేం చేస్తుంది.

విమానం లేచిన గంటకి సిబ్బందిలో పెద్దావిడ చేతిలో జాబితాతో వచ్చింది. ఇద్దరు భారీ మనుషుల మధ్య చేతులు ఒళ్లో మడుచుకుని కూర్చున్న నన్ను వెతికి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, "మా గోల్డ్ సభ్యురాలిగా మీ ఆదరణకి కృతజ్ఞతలు" అని చిరునవ్వుతో చెప్పి వెళ్లింది. పక్కాయన నన్ను జాలిగా చూశాడు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అన్యాయం చేయకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆ విమానం వేళకి లేచింది, వేళకి దిగింది. పెట్టెలు అందరికంటే ముందే వచ్చాయి. కార్డు మీద రాసిన మిగతావన్నీ ఇచ్చారు. నాకు కావలసింది ఒక్కటే ఇవ్వలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రాత్రి ఆగాం. టెర్మినల్ 1 నుంచి పెట్టెలు లాక్కుంటూ నడిచి వెళ్లగలిగే హోటల్. గది చిన్నదే కానీ కిటికీలు బాగా బిగుతుగా ఉండి, రన్‌వే పక్కనే ఉన్నా చప్పుడు లేదు. పడక మీద ఆయన నిలువునా కాళ్లు చాపుకుని "ఇదీ లెగ్‌రూమ్" అన్నారు. అక్కడా నాకొక సభ్యత్వం ఉంది, కింది మెట్టుదే. గది ఆలస్యంగా ఖాళీ చేయవచ్చా అని అడిగితే రెండింటిదాకా ఉండండి అన్నారు. అడిగింది క్షణంలో తేలిపోయింది. హోటల్లో గది ఖాళీగా ఉందో లేదో కౌంటర్లో మనిషికి కనబడుతుంది, అతనే నిర్ణయిస్తాడు. విమానంలో సీటు ఖాళీగా ఉన్నా చివరి గంటదాకా అది అమ్ముడుపోయే సరుకే. మర్నాడు గేటు వెతుక్కుంటూ ఆ టెర్మినల్లో కాస్త తిరిగాం. షెంగెన్ (లోపల పాస్‌పోర్టు తనిఖీ లేని యూరప్ దేశాల కూటమి) బయటికి వెళ్లే 'జెడ్' గేట్లు, 'ఏ' గేట్లకి పై అంతస్తులో ఉంటాయి. బోర్డుల మీద అక్షరాలు చూసుకుంటూ పోతే ఇబ్బంది లేదు కానీ తనిఖీకి అరగంట ఎక్కువ పెట్టుకోవడం మంచిది.

రెండోది షికాగో విమానం. మా కార్డుకీ ఈ సంస్థకీ ఏ చుట్టరికమూ లేదు. టికెట్ కొన్నప్పుడే ఆయనకొక ఎగ్జిట్ రో (అత్యవసర ద్వారం పక్క వరుస) సీటు, పక్కన నాకొకటి డబ్బు పెట్టి కొనేశాను. కొనేటప్పుడు మనసొప్పలేదు. తొమ్మిది గంటల తర్వాత దిగినప్పుడు ఆయన మామూలుగా నడుస్తుంటే ఒప్పింది. ఎగ్జిట్ రోలో కొన్ని ఇబ్బందులున్నాయి. బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. ట్రే చేతిపక్క నుంచి వస్తుంది కాబట్టి ఆ సీటు కాస్త ఇరుకు. తలుపు దగ్గర చలి, దుప్పటి దగ్గర ఉండాలి. రెండు ఎగ్జిట్ వరుసలున్న చిన్న విమానాల్లో చాలాచోట్ల ముందు వరుస సీటు వెనక్కి వాలదు, కొనేముందు అది చూసుకోండి. ఇంత చెప్పినా, నన్నడిగితే ఆ సీటుకి పెట్టిన డబ్బే ఈ ప్రయాణంలో సరిగ్గా ఖర్చయిన డబ్బు.

దారిలో నిద్ర పట్టక ఈ వ్యవహారమంతా ఎక్కడ మొదలైందా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరచూ ఎగిరేవాళ్ల కోసం అడ్వాంటేజ్ పథకం పెట్టింది, కొద్దిరోజుల్లోనే యునైటెడ్ మైలేజ్ ప్లస్ వచ్చింది. అప్పట్లో లెక్క మైళ్లది. ఎంత దూరం ఎగిరితే అంత. అందుకే చవక టికెట్లు వెతికి, అవసరం లేకపోయినా నాలుగు విమానాలు మారుతూ మైళ్లు కూడబెట్టే పిచ్చి ఒకటి పుట్టింది. నేనూ ఒక డిసెంబరులో అలా ఒక రోజంతా గాల్లో గడిపినదాన్నే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ మైళ్లని టికెట్ ధరతో ముడిపెట్టాయి. తర్వాత హోదాకి కూడా డబ్బే కొలబద్ద అయింది. 2023 సెప్టెంబరులో డెల్టా తన పై మెట్టు డైమండ్ హోదాకి ఏడాదికి 35,000 డాలర్ల ఖర్చు లెక్క ప్రకటించింది. జనం ఎంత గోల చేశారంటే, సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ మరీ దూరం వెళ్లామని ఒప్పుకున్నారు, అక్టోబరులో దాన్ని 28,000కి దించారు. దించారు కానీ పాత లెక్కకి వెళ్లలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా అదే దారి పట్టింది. ఖర్చుపెట్టిన పౌండుకి ఒక పాయింటు, గోల్డ్ కావాలంటే 20,000 పాయింట్లు.

హోదా దక్కించుకోవడం కష్టమైంది అని అందరూ అనేదే. నాకు కనబడేది ఇంకొకటి. హోదా పేరు మార్చకుండా, కార్డు రంగు మార్చకుండా, గడియారం ముల్లుని మాత్రం జరుపుతున్నారు. యునైటెడ్‌లో ఒకప్పుడు మొదటి మెట్టు వాళ్లు కూడా టికెట్ కొన్నప్పుడే జాగా ఎక్కువుండే ఎకానమీ ప్లస్ సీటు తీసుకునేవాళ్లు. కాంటినెంటల్ అనే మరో సంస్థతో కలిశాక 2012లో దాన్ని చెకిన్ సమయానికి తోసేశారు. డెల్టాలో జాగా ఎక్కువున్న సీట్లు ప్లాటినమ్, డైమండ్ వాళ్లకి టికెట్ కొన్నాక త్వరలోనే, గోల్డ్‌కి 72 గంటల ముందు, సిల్వర్‌కి 24 గంటల ముందు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో సిల్వర్‌కి టికెట్ కొన్నప్పుడే సీటు ఎంపిక ఉచితం, బ్రాంజ్‌కి వారం ముందు. "ఉచిత సీటు" అన్న ముక్క మాత్రం అందరి ప్రయోజనాల పట్టికలోనూ ఉంటుంది. ఎప్పుడు అన్నదే తేడా. మూడు రోజుల ముందు దొరికే ఉచిత సీటంటే కొనేవాళ్లు వద్దన్న సీటు.

కొనేవాళ్లు తక్కువేమీ లేరు మరి. అమెరికా సెనేట్ ఉపసంఘం 2024 నవంబరు నివేదికలో, అమెరికన్, డెల్టా, యునైటెడ్, ఫ్రాంటియర్, స్పిరిట్ అనే ఐదు సంస్థలు కలిసి 2018 నుంచి 2023 దాకా సీటు రుసుముల మీద 1,240 కోట్ల డాలర్లు సంపాదించాయని తేల్చారు. అంత వచ్చే సీటుని నాలాంటిదానికి ఆరు నెలల ముందు ఊరికే ఎందుకిస్తారు? ఆ లెక్క చూశాక కోపం సగం తగ్గింది. మిగతా సగం ఆ మెయిల్‌లోని "సులభతరం" అన్న మాట మీద.

షికాగో ఒహేర్‌లో దిగాక టెర్మినల్ 1లో బీ, సీ గేట్లని కలిపే సొరంగం ఒకటుంది. నెత్తిన నియాన్ దీపాలు రంగులు మారుతూ పాకుతుంటాయి. 1987 నుంచీ ఉన్న కళాకృతి అది, కదిలే బాట మీద నిలబడి తలెత్తి చూస్తే ప్రయాణపు బడలిక కాసేపు మరిచిపోతాం. డెన్వర్ విమానానికి రెండు గంటలుంటే మేం అటూ ఇటూ రెండుసార్లు తిరిగాం. ఉచితంగా దొరికిన మంచి వస్తువు ఆ రోజుకి అదొక్కటే.

డెన్వర్ గేటు దగ్గర తెర మీద అప్‌గ్రేడ్ జాబితా, అంటే ముందు క్యాబిన్‌కి ఉచితంగా మారడానికి ఎదురుచూసేవాళ్ల పేర్లు. ఇంటిపేరులో మూడక్షరాలు, పేరులో ఒకటి, పక్కన వరుస సంఖ్య. ముందు క్యాబిన్లో ఒకే సీటు ఖాళీ, జాబితాలో పేర్లు ముప్పైకి పైన. నా పక్కన నిలబడిన పెద్దాయనది పన్నెండో స్థానం. "ఇరవయ్యేళ్ల క్రితం ఈ గేట్లోనే వారానికి రెండుసార్లు ముందుకి పిలిచేవాళ్లమ్మా" అన్నాడు. ఇప్పుడు ఆ సీట్లని ప్రయాణానికి ముందే ఫోన్లో తగ్గింపు ధరకి అందరికీ చూపిస్తున్నారు, అమ్ముడుపోగా మిగిలితేనే జాబితా. ఆయనని పిలవలేదు. బ్యాగు భుజాన వేసుకుని అలవాటైనవాడిలా వెనక్కి నడిచాడు. రెండున్నర గంటల విమానం కాబట్టి మేం ఉచితంగా వచ్చిన మామూలు సీట్లలోనే కూర్చున్నాం. మా ఆయన మోకాళ్లకి రెండున్నర గంటలు ఫర్వాలేదు, నాలుగు దాటితే ఒప్పుకోవు. సీటు కొనాలా వద్దా అనడానికి మా ఇంట్లో ఇప్పుడు అదే కొలత.

విమాన సంస్థల కూటముల సంగతి కూడా ఒక్క ముక్క. స్టార్ అలయన్స్ గోల్డ్ ఉంటే భాగస్వామి సంస్థల్లో లాంజ్, అదనపు సామాను, ముందు ఎక్కే వీలు దొరుకుతాయి, మంచి సీటు హామీ మాత్రం అందులో లేదు. వన్‌వరల్డ్ కూటమిలో కింది మెట్టు రూబీ నుంచే సీటు ఎంపికలో ప్రాధాన్యం రాసి ఉంటుంది. కార్డు కోసం సంస్థని ఎంచుకునేటప్పుడు నేను ఈ తేడా చూడనే లేదు. లాంజ్ ఫొటోలు చూసి పడిపోయాను.

తిరుగు ప్రయాణంలో చివరి విమానం మళ్లీ మా సంస్థదే. ఈసారి అలారం పెట్టుకోలేదు. ఆయనకి మాత్రం డబ్బు కట్టి నడవ పక్కన జాగా ఉన్న సీటు కొన్నాను. నాకు వెనక చివర్లో, విమానం సన్నబడుతూ మూడు సీట్ల చోట రెండే ఉండే వరుసల్లో ఒకటి, ఊరికే. సీటు మ్యాప్‌లో ఎవరూ తొంగిచూడని మూల అది. వంటగది చప్పుడు, బాత్‌రూమ్ తలుపు చప్పుడు ఉంటాయి, కానీ కిటికీకీ సీటుకీ మధ్య బ్యాగు పెట్టుకునేంత సందు ఉంటుంది. పక్క సీటు ఖాళీ. ఆరు గంటలు నిద్రపోయాను.

సిబ్బందిలో ఒకాయన జాబితా పట్టుకుని నన్ను వెతుక్కుంటూ అంత వెనక్కీ వచ్చాడట. ముందు వరుసలో మా ఆయన ఆపి, "పడుకోనివ్వండి బాబూ, కృతజ్ఞతలు నేను చెబుతాలే" అని పంపేశారు.