హైదరాబాద్‌లో చెరువు పక్క గేటెడ్ కమ్యూనిటీనా, సిటీ మధ్యలో ఫ్లాటా?

ఖర్చు: చెరువు పక్కన ఇంటి ధరతో పాటు చెట్లు, మురుగునీటి శుద్ధి కోసం నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. సిటీ ఫ్లాట్‌లో ఆ భారం తక్కువే.

ప్రయాణం: చెరువు పక్కన కారు లేకపోతే కష్టం. సిటీలో మెట్రో, బస్సు, ఆసుపత్రి దగ్గర.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే మేర) హద్దు నుంచి 30 మీటర్లు బఫర్. అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. అందులో ఇల్లు కట్టకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎన్ని కూల్చివేతలు చూశాం! బ్రోషర్‌లో కొంగల బొమ్మ చూసి మురిసిపోకండి. సర్వే నంబరును నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువు మ్యాపుతో పోల్చండి. 2020 అక్టోబర్ వానలకు మునిగిన కాలనీలను తలచుకుని, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. చెరువులోకి మురుగు వస్తుంటే వాసన, దోమలు తప్పవు. సిటీ ఫ్లాట్‌కైనా ఈ మ్యాపు చూడాల్సిందే. పాత చెరువుల మీద వెలిసిన బస్తీలు మనకు తక్కువేం కాదు.

పిల్లలు చిన్నవాళ్లయి, ఇంటి నుంచే పని ఉండి, హద్దులు పక్కాగా తేలితే చెరువు పక్కకే వెళ్లండి. తెల్లారగానే పిట్టల కూత వినే ఇల్లు నిజంగా వరమే. రోజూ ఆఫీసుకు వెళ్లాల్సి ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లకు తరచూ డాక్టరు అవసరమైనా సిటీ ఫ్లాటే మేలు.