ఎక్స్‌పోర్ట్ సరుకు ఎల్‌యూటీ మీద పంపాలా, ఐజీఎస్టీ కట్టి రీఫండ్ తీసుకోవాలా: ఏది మేలు?

కొత్తగా ఎక్స్‌పోర్ట్‌లోకి వచ్చేవాళ్ళు ఐఈసీ (ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌కి కావాల్సిన కోడ్) తీసుకుని, బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (ఎక్స్‌పోర్ట్ డబ్బు వచ్చే బ్యాంకు కోడ్) లెటర్ తెచ్చి ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్‌లో ఎక్కించుకుని, సీహెచ్ఏని (కస్టమ్స్ పని చూసిపెట్టే ఏజెంటుని) మాట్లాడుకుని ఇక అంతా రెడీ అనుకున్నాక వచ్చే ప్రశ్న ఇది. షిప్పింగ్ బిల్లులో (సరుకు పంపేముందు కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) ఎల్‌యూటీ (టాక్స్ కట్టకుండా పంపడానికి మనమిచ్చే హామీ పత్రం) అని వేయాలా, టాక్స్ కట్టాం అని వేయాలా అని సీహెచ్ఏ అడిగితే చాలామంది "మీరే ఏదోటి వేసేయండి సార్" అంటారు. దయచేసి అలా అనకండి, మీ డబ్బు ఎక్కడ ఎన్నాళ్ళు ఆగిపోతుందో తేలేది అక్కడే.

ఏ దారిలో వెళ్ళినా ఎక్స్‌పోర్ట్‌కి జీఎస్టీ చివరికి సున్నానే. ఎల్‌యూటీలో అసలు కట్టకుండానే పంపుతాం, రెండోదాంట్లో ముందు ఐజీఎస్టీ (ఎక్స్‌పోర్ట్ మీద పడే జీఎస్టీ) కట్టి తర్వాత వెనక్కి తీసుకుంటాం.

గుంటూరు మిర్చి సంగతే తీసుకోండి. ఎండుమిర్చి మీద 5 శాతం. రైతు దగ్గర నేరుగా కొంటే ఆ కొనుగోలు మీద టాక్స్ లేదు, అంటే మీ జీఎస్టీ లెడ్జర్‌లో క్రెడిట్ (కొన్నవాటి మీద ముందే కట్టిన టాక్స్) పెద్దగా ఉండదు, ప్యాకింగు, సీహెచ్ఏ బిల్లు, ఇలాంటి చిల్లర తప్ప. 25 లక్షల సరుకు చెన్నై నుంచి పంపుతున్నారనుకుందాం, కట్టి పంపితే టాక్స్ లక్షా పాతికవేలు, క్రెడిట్ ఇరవైవేలుంటే మిగతా లక్షా ఐదువేలు జేబులోంచి క్యాష్ పెట్టాలి. తిరిగొస్తుంది నిజమే, కానీ ఆ డబ్బుతో ఇంకో నాలుగు టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనుక్కోవచ్చు కదా. ఇలాంటి వ్యాపారానికి ఎల్‌యూటీనే, రెండో ఆలోచన అక్కర్లేదు.

ఎల్‌యూటీ పని కూడా తేలిక. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్ఎఫ్‌డీ-11 ఫారం నింపి సబ్మిట్ కొడితే ఏఆర్ఎన్ (రసీదు నంబరు) వచ్చేస్తుంది, ఫీజు లేదు. మార్చి 31తో అయిపోతుంది, ఏప్రిల్‌లో మళ్ళీ కొత్తది. ఎల్‌యూటీ కింద టాక్స్ కట్టకుండా పంపుతున్నాం అనే లైను ఇన్‌వాయిస్ మీద ఉండాలి. ఇన్‌వాయిస్ వేసిన 3 నెలల్లో సరుకు దేశం దాటాలి, దాటకపోతే టాక్సుతో పాటు 18 శాతం వడ్డీ, అందుకే ఓడ బుకింగ్ ఖాయం కాకుండా ఇన్‌వాయిస్ తొందరపడి వేయొద్దు.

ఇక చీమకుర్తి వైపు గ్రానైట్ స్లాబుల ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళ లెక్క పూర్తిగా వేరే. స్లాబుల మీద 18 శాతం, కోసే మెషీన్లు, పాలిషింగ్ మెషీన్లు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ అంతా లెడ్జర్‌లో కుప్పగా ఉంటుంది. ఎల్‌యూటీ మీద పంపి ఆర్ఎఫ్‌డీ-01 ఫారంలో రీఫండ్ అడిగితే ముడిసరుకు, సర్వీసుల క్రెడిట్ మాత్రమే లెక్కలోకి వస్తుంది, మెషీన్ల క్రెడిట్ రాదు. అదే ఆ క్రెడిట్‌తో ఐజీఎస్టీ కట్టి పంపితే కట్టింది మొత్తం బ్యాంకులో క్యాష్‌గా పడుతుంది. లోకల్ అమ్మకాలు లేని ఫ్యాక్టరీకి ఇది చాలా పెద్ద తేడా, ఎల్‌యూటీ ఈజీ అని ఎవరో చెప్పారని దీన్ని వదులుకోవద్దు.

పైగా దీనికి వేరే అప్లికేషన్ కూడా పెట్టక్కర్లేదు, షిప్పింగ్ బిల్లే అప్లికేషన్. కాకపోతే కాగితాలన్నీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్) 6ఏ టేబుల్లో షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, పోర్ట్ కోడ్ (చెన్నై సీపోర్ట్ అయితే ఐఎన్ఎమ్ఏఏ1) సరిగ్గా ఉండాలి, జీఎస్టీఆర్-3బీ రిటర్న్‌లో ఆ టాక్స్ ఎక్స్‌పోర్ట్‌ల గడి అయిన 3.1(బి)లో చూపించాలి, చాలామంది అకౌంటెంట్లు అలవాటులో మామూలు అమ్మకాల గడి 3.1(ఎ)లో వేసేస్తారు, అంతే రీఫండ్ అక్కడే ఆగిపోతుంది. షిప్పింగ్ లైన్ ఈజీఎమ్ (ఓడలో ఏ సరుకు వెళ్ళిందో కస్టమ్స్‌కి ఇచ్చే లిస్టు) ఫైల్ చేయకపోయినా ఆగుతుంది, అది మన చేతిలో లేదు, వెంటపడాల్సిందే. ఐస్‌గేట్‌లో ఎస్‌బీ005 అని కనిపిస్తే ఇన్‌వాయిస్ వివరాలు తేడా కొట్టాయని అర్థం. షిప్పింగ్ బిల్లులో ఒక నంబరు, జీఎస్టీ రిటర్న్‌లో ఇంకో నంబరు రాస్తే వచ్చేది అదే, కాబట్టి రెండుచోట్లా ఒకే ఇన్‌వాయిస్ సిరీస్ వాడండి.

ఎల్‌యూటీ తీసుకున్నంత మాత్రాన ప్రతి కంటెయినరూ దానిమీదే పంపాలని లేదు. కొత్త మెషీన్ కొని క్రెడిట్ పేరుకున్న నెలల్లో టాక్స్ కట్టి పంపండి, క్రెడిట్ కరిగిపోయాక మళ్ళీ ఎల్‌యూటీకి వచ్చేయండి. మారిన ప్రతిసారీ ఆ మాట సీహెచ్ఏకి మెయిల్‌లో రాసి పెట్టండి, ఆయన చెక్‌లిస్ట్ (షిప్పింగ్ బిల్లు డ్రాఫ్ట్) పంపినప్పుడు ఆ కాలమ్ మీరే చూసి ఓకే చెప్పండి.