ఆరేళ్లుగా వాడుతున్న పిరానీ గేజ్: తప్పు చూపించడమే దీని పని

మా లయో ఛాంబర్ (మందుని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో మంచుని నేరుగా ఆవిరి చేసి ఆరబెట్టే గది) మీద రెండు ప్రెషర్ గేజ్‌లున్నాయి. కెపాసిటెన్స్ మానోమీటర్ ఏ గ్యాస్ ఉన్నా అసలు ప్రెషరే చెబుతుంది. పక్కనున్న పిరానీ మాత్రం ఎక్కువ చూపిస్తుంది. చేరిన కొత్తలో మానోమీటర్ 100 మిల్లీటార్ (ప్రెషర్ కొలత), పిరానీ 160 చూపిస్తుంటే టెన్షన్ పడి మెయింటెనెన్స్‌కి ఫోన్ చేశాను. "తమ్ముడూ, అది అలాగే చూపించాలి. చూపించకపోతే అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాడు అక్కడి సీనియర్.

పిరానీలో వేడి చేసిన సన్నని తీగ ఉంటుంది. ఆ వేడిని చుట్టూ ఉన్న గ్యాస్ ఎంత లాక్కుపోతే అంత ప్రెషర్ ఉన్నట్టు లెక్క కడుతుంది. దాన్ని కాలిబ్రేట్ చేసేది నైట్రోజన్‌తో. నీటి ఆవిరేమో నైట్రోజన్ కంటే సుమారు 1.6 రెట్లు వేడి మోసుకుపోతుంది. వయల్స్‌లో (మందు సీసాల్లో) మంచు ఆవిరవుతున్నంతసేపూ ఆ తేడా ఉంటుంది, మంచు అయిపోతే గ్రాఫ్‌లో రెండు గేజ్‌ల గీతలూ దగ్గరవుతాయి. 1906లో మార్సెల్లో పిరానీ దీన్ని చేసింది లైట్ బల్బుల్లో వాక్యూమ్ కొలవడానికట. మందుల సంగతి ఆయన ఊహించి ఉండడు.

మొదటి ఏడాది దీన్ని నమ్మే దెబ్బతిన్నాను. నైట్ షిఫ్ట్‌లో పిరానీ గీత కిందికి దిగడం మొదలవగానే ప్రైమరీ డ్రయింగ్ (మంచు ఆవిరయ్యే దశ) అయిపోయిందనుకుని వయల్స్ ఉండే షెల్ఫ్ టెంపరేచర్ పెంచాను. అది సుక్రోజ్ ఫార్ములా, సుమారు మైనస్ 32 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పొద్దున చూస్తే ట్రే అంచుల్లో కేక్ (ఆరాక వయల్‌లో మిగిలే మందు) చక్కగా ఉంది, మధ్య వరుసల్లో చాలా వయల్స్‌లో కుంగిపోయింది. అంచు వయల్స్‌కి షెల్ఫ్ వేడితో పాటు గోడలనుంచి, తలుపునుంచి కూడా వేడి తగులుతుంది. మధ్యలోవాటికి చుట్టూ ఉండేవి తమలాంటి చల్లటి వయల్సే. గీత దిగడం మొదలైందంటే అంచులవి ఆరాయని అర్థం, అంతే.

ఆరడం ఆలస్యమైతే ప్రెషర్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వయల్ అడుగు లోపలికి వంగి ఉంటుంది కాబట్టి షెల్ఫ్ వేడిలో చాలా భాగం ఆ సందులోని గ్యాస్ ద్వారానే పైకి వస్తుంది. ప్రెషర్ పెంచితే ఆ వేడి పెరిగి మంచు కూడా వేడెక్కుతుంది. వేగం ఎంత పెరుగుతుందో చెప్పలేం గానీ, కేక్ కుంగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. పైగా ఆరిన పొర మందం పెరిగేకొద్దీ ఆవిరి బయటికి రావడం కష్టమవుతుంది. సైకిల్ చివర్లో ఓపిక పట్టాల్సిందే.

థర్మోకపుల్స్ (వయల్‌లో పెట్టి టెంపరేచర్ కొలిచే తీగలు) కూడా వాడతాం. కాకపోతే థర్మోకపుల్ పెట్టిన వయల్ మిగతావాటికంటే ముందే గడ్డకడుతుంది, అందులో స్ఫటికాలు పెద్దవిగా వచ్చి ముందే ఆరుతుంది. అది చెప్పేది తన సంగతే. పిరానీ అయితే ఛాంబర్ మొత్తం సంగతి చెబుతుంది. అందుకే నా ఓటు దీనికే.

లోపాలు లేవని కాదు. స్టీమ్ స్టెరిలైజేషన్ పదేపదే జరిగితే రీడింగ్ పక్కకి జరిగిపోతుంది, టెర్షరీ బ్యూటనాల్ లాంటి సాల్వెంట్ ఉన్న బ్యాచ్‌లో 1.6 లెక్క పనికిరాదు. ఇప్పుడు గీతలు పూర్తిగా కలిసి కదలకుండా నిలబడ్డాక కూడా మూడు గంటలు ఆగుతున్నాను. రెండుసార్లు సెన్సర్ మార్చాం. మూడోదాని ఇండెంట్ (కొనమని ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టేటప్పుడు మేనేజర్ ఎందుకని అడగలేదు.