చిన్న ఆర్ట్స్ కాలేజీకి సాయం చేయాలంటే ఏది మేలు: గది కట్టించడమా, ఫీజులా, ఎఫ్‌డీనా, నెలనెలా చందానా?

మా బీఏ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు నెలలుగా ఇదే చర్చ. మేం చదివింది కందుకూరు వైపు ఒక చిన్న డిగ్రీ కాలేజీలో. అప్పుడు మాది ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో కలిపారు, తర్వాత మళ్లీ ప్రకాశంలోకే తెచ్చారు. జిల్లా మారినా కాలేజీ అవసరాలు మారలేదు. గ్రూపులో నలభై మందిమి ఉన్నాం. తలా కొంత వేస్తే ఐదు లక్షలు వస్తాయని లెక్క తేలింది. దాంతో ఏం చేయాలన్న దగ్గర మాత్రం నాలుగు రకాల మాటలు వచ్చాయి.

ఎక్కువ మంది అన్నది గది కట్టిద్దామనే. అది మన ప్రాంతంలో పాత అలవాటు, మంచి అలవాటు కూడా. నెల్లూరు వి.ఆర్. కాలేజీ పేరులో ఉన్నది వెంకటగిరి రాజా. డి.కె. మహిళా కళాశాల పేరులో ఉన్నది దొడ్ల కౌసల్యమ్మ. ఆ దాతలు లేకపోతే మన అమ్మలు, పెద్దమ్మలు చాలామంది డిగ్రీ గడప తొక్కేవాళ్లు కాదు. కానీ ఆ రోజుల్లో లేనిది కాలేజీ. ఇప్పుడు కాలేజీ ఉంది, గదులూ ఉన్నాయి. మా దగ్గరే మూడు గదులు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే బీఏలో చేరే పిల్లలు తగ్గారు, పాఠం చెప్పేవాళ్లు అంతకంటే తగ్గారు.

నాకు ఇందులో ఒక చేదు అనుభవం ఉంది. పదేళ్ల కిందట ఇంకో ఊళ్లో, ఇంకో కాలేజీకి కొందరం కలిసి రీడింగ్ రూమ్ కట్టించాం. ప్రారంభం ఘనంగా జరిగింది. లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. పోయినేడు వెళ్లి చూస్తే తాళం తుప్పు పట్టి ఉంది, శ్లాబు కారి పుస్తకాలు అట్టలు అట్టలుగా అతుక్కుపోయాయి. మేం గోడలకు డబ్బిచ్చాం కానీ తలుపు తీసే మనిషి సంగతి ఆలోచించలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

గది విషయంలో ఇంకోటి చూసుకోవాలి. కాలేజీ ప్రభుత్వానిదా, ఎయిడెడా (అంటే యాజమాన్యం ప్రైవేటు, సిబ్బంది జీతాలు ప్రభుత్వానివి), ప్రైవేటు సొసైటీదా? 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ కాలేజీలను, ఎయిడెడ్ సిబ్బందిని గానీ, ఆస్తులతో సహా కాలేజీనే గానీ అప్పగించమని అడిగినప్పుడు పెద్ద గొడవే అయింది. మనం కట్టించిన గది రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకున్నాకే ఇటుక కొనాలి. మరుగుదొడ్లు, మంచినీళ్లు మాత్రం వేరు. ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి లేని కాలేజీ అయితే ముందు అది కట్టించండి, మిగతా చర్చంతా తర్వాత.

రెండో మాట ఫీజులు. "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, మనం ఎందుకు?" అని ఒకరు అడిగారు. ఉంది, కానీ ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది. పరీక్ష ఫీజు మాత్రం గడువు లోపలే కట్టాలి. మా వైపు ఇళ్లలో నవంబరు అంటే పొగాకు నాట్ల కాలం. కూలికి, ఎరువుకి అప్పు తెచ్చే రోజులు. వేలం కేంద్రానికి బేళ్లు చేరేదాకా ఇంట్లో రూపాయి ఆడదు. సరిగ్గా ఆ సమయంలో సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటీసు పడుతుంది. వెయ్యో రెండు వేలో లేక, అడగడానికి మొహం చెల్లక ఆ సెమిస్టర్ వదిలేసే పిల్లలు ఉన్నారు. ఒకసారి వదిలేసిన వాళ్లలో మళ్లీ వచ్చేది కొద్దిమందే. కాబట్టి ఇంత చిన్న డబ్బుతో ఇంత పెద్ద మేలు జరిగే చోటు ఇంకోటి నాకు కనబడలేదు.

అయితే ఇది చేసే పద్ధతి ఉంది. స్టేజీ మీద నిలబెట్టి, ఫొటో తీసి చెక్కు ఇస్తే ఆ పిల్లవాడికి అది జన్మంతా గుర్తుంటుంది, మంచిగా కాదు. ప్రిన్సిపాల్ గారి దగ్గర, నమ్మకమైన ఒక లెక్చరర్ దగ్గర ముప్పై వేలు ఉంచి, అవసరమైన వాళ్లకు చడీచప్పుడు లేకుండా కట్టించాలి. లెక్క మనకు రావాలి, పేర్లు రానక్కర్లేదు. బస్ పాస్‌ల సంగతికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులు ఉచితం. ఆ పద్దులో ఇక అబ్బాయిల గురించి ఆలోచిస్తే చాలు.

మూడోది ఎఫ్‌డీ, అంటే శాశ్వత నిధి. ఐదు లక్షలు బ్యాంకులో వేసి వడ్డీ మాత్రమే వాడడం. ఏడు శాతం అనుకుంటే ఏడాదికి 35 వేలు. అసలు కదలదు, మన తర్వాత కూడా నడుస్తుంది. అమ్మ పేరునో నాన్న పేరునో ఒక బహుమతి పెట్టాలనుకునే పెద్దవాళ్లకు, ఒకేసారి ఇచ్చి నిశ్చింతగా ఉండాలనుకునే వాళ్లకు ఇదే సరైంది. ఇచ్చేటప్పుడు ఇది మూలనిధికే అని కాగితం మీద రాసివ్వాలి, లేకపోతే మామూలు ఖర్చుల్లో కలిసిపోతుంది. చిక్కేమిటంటే ఆ 35 వేలు ఇరవై ఏళ్లకు కూడా 35 వేలే. ఏటా వడ్డీలో కొంత తిరిగి అసలులో కలపమని షరతు పెడితే కొంచెం నయం. ఇద్దరు ముగ్గురు ప్రిన్సిపాళ్లు బదిలీ అయ్యాక ఆ రసీదు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియని పరిస్థితి రాకూడదంటే, బ్యాచ్ వైపు నుంచి ఏటా ఒకరు వెళ్లి అడగాలి.

ఇక నేను పట్టుబట్టిన నాలుగోది నెలనెలా చందా, దాంతో పాఠం చెప్పే మనిషికి జీతం. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి, అంటే ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే పద్ధతికి మారింది. చిన్న కాలేజీలో చరిత్రకో, తెలుగుకో, ఎకనామిక్స్‌కో చెప్పే మనిషి లేకపోతే ఆ మేజర్ నిలబడదు. అది పోతే ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఆ చదువే దూరమైపోతుంది. మాకు చరిత్ర చెప్పిన సార్‌ని సలహా అడిగితే, "గదిలో బల్లలు నేను సర్దుకుంటా అబ్బాయ్, ముందు పాఠం చెప్పే పిల్లను ఒకర్ని పెట్టించండి" అన్నారు.

లెక్క చూడండి. నెలకు 15 వేల చొప్పున పది నెలలకు ఒక గెస్ట్ లెక్చరర్‌కు లక్షన్నర. నలభై మందిమి నెలకు తలా వెయ్యి వేస్తే ఏడాదికి 4 లక్షల 80 వేలు. అందరూ కొనసాగరని నాకు తెలుసు. ఇళ్లు, పిల్లల చదువులు, టెన్షన్లు అందరికీ ఉన్నాయి. పదిహేను మందే మిగిలారనుకున్నా లక్షా 80 వేలు. లెక్చరర్ జీతం పోను ముప్పై వేలు పరీక్ష ఫీజులకు మిగులుతుంది. ఒకసారి ఇచ్చే ఐదు లక్షల కంటే పదిహేను మంది ఆపకుండా ఇచ్చే వెయ్యి ఆ కాలేజీకి ఎక్కువ పని చేస్తుందని నేను నమ్ముతున్నాను. భయమల్లా మధ్యలో ఆగిపోతే ఆ లెక్చరర్ గతేమిటని. అందుకే ఏడాది జీతం ముందే చేతిలో పెట్టుకుని నియామకం చేయించాలని మాట్లాడుకున్నాం.

పన్ను, రసీదుల సంగతి క్లుప్తంగా. విరాళాలపై వచ్చే పన్ను మినహాయింపు (80జీ) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. రెండు వేలకు మించి నగదు ఇస్తే అదీ రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి. అందుకునే సంస్థకు 80జీ నమోదు ఉందో లేదో ముందే అడగండి. ప్రభుత్వ కాలేజీ అయితే అక్కడి సీపీడీసీ (కాలేజీ అభివృద్ధి కమిటీ) ద్వారా ఇవ్వొచ్చు. అమెరికాలో ఉన్న మావాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందకు వస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. పూర్వ విద్యార్థుల సంఘాన్ని రిజిస్టర్ చేయించి దాని ద్వారా ఇస్తే కాలేజీకి ఇంకో ఉపయోగం ఉంది. కాలేజీల నాణ్యతను కొలిచే న్యాక్ సంస్థ మదింపులో పూర్వ విద్యార్థుల తోడ్పాటు కూడా ఒక అంశం.

పుస్తకాలు ఇద్దామన్నవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో పాతవి కట్టగట్టి పంపకండి, లెక్చరర్లు రాసిచ్చిన జాబితా ప్రకారం కొనివ్వండి.

మా గ్రూపులో ఇద్దరు ఇంకా గది దగ్గరే ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రుల పేరు నిలవాలన్న కోరిక నాకు అర్థమైంది. వాళ్లు ఎఫ్‌డీ వేసి, చరిత్ర మేజర్‌లో మొదట వచ్చిన పిల్లకో పిల్లాడికో ఆ పేరున ఏటా బహుమతి ఇస్తే ఎలా ఉంటుందని అడిగాను, ఆలోచిస్తామన్నారు. మిగతావాళ్లలో పదిహేడు మంది నెలకు వెయ్యికి ఒప్పుకున్నారు. ఐదో తారీకున డబ్బు దానంతట అదే కట్టయ్యేలా నా బ్యాంకులో చెప్పి వచ్చాను.