స్లైడర్లు బండిని కాపాడాయి, వాటి పూత వాటినే కాపాడలేకపోయింది

బండి తలుపుల కింద, రాళ్ల దెబ్బ తగలకుండా ఫ్రేముకు బిగించే ఉక్కు గొట్టాలే స్లైడర్లు. వాటికి ఆర్డరు పెట్టేటప్పుడు రెండు రకాలు చూపించారు: పూత లేని ఉక్కు ఒకటి, పౌడర్ కోటింగ్ (పొడి చల్లి కాల్చే పూత) వేసింది ఒకటి. ఇంకొంత డబ్బు కట్టి రెండోదే తెప్పించుకున్నాను. 2021 ఏప్రిల్‌లో పెట్టె విప్పినప్పుడు ఆ నలుపు, ఆ నునుపు చూసి పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందని సంబరపడ్డాను. నాలుగున్నరేళ్లు వాడాను. ఇప్పుడు ఆ పూత మీద ఉన్నంత కోపం ఈ బండికి కొన్న మరే వస్తువు మీదా లేదు.

మాది 2018 టొయోటా ఫోర్‌రన్నర్, కేడీఎస్ఎస్ (బండి పక్కకు ఒరగకుండా హైడ్రాలిక్ పద్ధతిలో సర్దే సస్పెన్షన్) ఉన్న రకం. డెన్వర్ శివార్లలో ఉంటాం. ఏడాదికి ఏడెనిమిది సార్లు కొండదారుల్లోకి వెళ్తాం, మిగతా రోజుల్లో ఆఫీసుకు, బడికి, కూరగాయలకు అదే బండి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, స్లైడర్లకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం కొండల్లో జరగలేదు, ఊళ్లోనే జరిగింది.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నేను, మా బావమరిది కలిసి ఒక శనివారం ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం వేళ దాటేసరికి ముగించాం. ఒక్కోటి ముప్ఫై కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి జాకీ మీద చెక్క పెట్టి పైకి లేపాం. కేడీఎస్ఎస్ ఉన్న బండికి డ్రైవరు వైపు ఫ్రేముకు ఆ హైడ్రాలిక్ భాగాలు తగులుకుని ఉంటాయి. ఆర్డరులోనే ఆ మాట చెప్పకపోతే స్లైడరును ఫ్రేముకు పట్టే బ్రాకెట్టు కూర్చోదు. ఫ్రేములో ముందే ఉన్న మరల రంధ్రాల్లో కంపెనీ రంగు, మట్టి పేరుకుని ఉంటాయి. ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వేసి శుభ్రం చేయకుండా బోల్టు తిప్పితే మరలు పాడవుతాయి. అన్నిటినీ ముందు చేత్తో బిగించి, తలుపు కింద సందు రెండు చివర్లా సమానంగా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే టార్క్ పానా (బిగువు కొలిచి బిగించే పానా) పట్టాలి. ఐదువందల మైళ్లు తిరిగాక మళ్లీ చూస్తే రెండు నట్లు కొద్దిగా వదులయ్యాయి. ఆ తర్వాత ఇప్పటిదాకా కదలలేదు.

ఉక్కు గురించి ఒక్క చెడ్డ మాట కూడా అనలేను. కొలరాడోలోని రెడ్ కోన్ కొండదారిలో, చెట్ల మధ్య మెట్లలాంటి బండరాళ్లు వచ్చే చోట, వెనక చక్రం జారి బండి ఎడమ పక్క బరువంతా ఒక రాయి మీద కూర్చుంది. రెండు టన్నులు దాటిన బండి అది. ఆ చప్పుడుకు మా ఆవిడ కళ్లు మూసుకుంది. కిందికి దిగి చూస్తే స్లైడరు రాయిని పట్టుకుని నిలబడి ఉంది, దానికీ తలుపు కింది రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు అలాగే ఉంది. తలుపులు ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. బండి ముందు చక్రం దాటించిన రాయి నుంచి వెనక చక్రాన్ని పక్కకు నెట్టడానికి చివర్లో బయటికి వంచిన భాగం ఉంటుంది. ఇరుకు మలుపుల్లో అది ఎన్నిసార్లు ఆదుకుందో లెక్కపెట్టలేదు.

ఇక పూత సంగతి.

2022 వసంతంలో యూటాలోని మోయబ్ వెళ్లాం. అక్కడి ఎర్ర ఇసుకరాయి చూడటానికి నున్నగా ఉంటుంది, తాకితే గరుకు కాగితం. ఫిన్స్ అండ్ థింగ్స్ దారిలో కుడి స్లైడరు అడుగుభాగం రెండుచోట్ల అరచేతి పొడవున గీసుకుపోయి తెల్లటి ఉక్కు బయటపడింది. గీసుకుపోవడం తప్పు కాదు, స్లైడరు ఉన్నదే అందుకు. ఇంటికొచ్చి డబ్బా రంగు కొట్టి ఆ సంగతి మర్చిపోయాను. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి.

కొలరాడోలో మంచు కురిసే రోజుల్లో రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ ద్రవం చల్లుతారు. దాని గుణం గాలిలోని తేమను లాక్కోవడం. ఆ గుణం కోసమే వేసవిలో మట్టిరోడ్ల మీద దుమ్ము లేవకుండా కూడా దాన్నే వాడతారు. అంటే మా బండి అడుగుకు చలికాలంలోనూ, వేసవిలోనూ ఆ ఉప్పుతడి తప్పదు.

2024 మే నెలలో బండి కడుగుతూ కింద పడుకుని గొట్టంతో నీళ్లు కొడుతున్నాను. ఎడమ స్లైడరు రెండో బ్రాకెట్టు మూలలో కందిగింజంత పొక్కు కనిపించింది. ఆ చోట ఏ రాయీ తగల్లేదు, తగిలే వీలూ లేదు. స్క్రూడ్రైవరు కొనతో నొక్కితే లోపలికి దిగింది. పట్టుకుని లాగితే పూత అరటిపండు తొక్కలా జానెడు పొడవున ఊడి వచ్చింది. ఊడిన ముక్క పైవైపు ఇంకా కొత్తదానిలా నిగనిగలాడుతోంది, లోపలివైపు తడి ఇటుకపొడిలా తుప్పు. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. అక్కడి నుంచి వేలితో తట్టుకుంటూ వెళ్తే మరో ఆరుచోట్ల బోలు చప్పుడు వినిపించింది.

ఎందుకిలా జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. పౌడర్ కోటింగ్‌లో పొడికి విద్యుదావేశం ఇచ్చి ఉక్కుకు అంటేలా చల్లి, దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆవేశం ఉన్న పొడి దగ్గరగా ఉన్న అంచులకే ముందు అతుక్కుంటుంది, లోతైన మూలల్లోకి సరిగా పోదు. బ్రాకెట్టు గొట్టానికి కలిసే మూల సరిగ్గా అలాంటిదే. ఆక్సిజన్ వాడి లేజరుతో కోసిన పలకల అంచుల మీద ఆక్సైడు పొర కూడా ఉంటుంది. దాన్ని గీకేయకుండా పూత వేస్తే పూత పట్టుకునేది ఉక్కును కాదు, ఆ పొరను. పొర వదిలిన రోజు పూతా వదులుతుంది. ఈ శ్రమ తయారుచేసేవారు పడి ఉంటే నేను పడాల్సి వచ్చేది కాదు. నా కోపమంతా అక్కడే.

స్లైడర్లు దించడానికి రాత్రంతా బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించాను. అయినా ఒకటి ఫ్రేములోనే విరిగింది. దాన్ని డ్రిల్లు వేసి, మరలు మళ్లీ తీసేసరికి మూడు సాయంత్రాలు గడిచాయి. ఎడమదాన్ని కిందికి దించుతుంటే మా బావమరిది ఆగి, "బావా, లోపల నీళ్లు కదులుతున్నాయి" అన్నాడు. రెండు చివర్లూ మూసి అతికిన గొట్టం అది. నిలబెట్టి చూస్తే వెల్డింగులో సూదిబెజ్జమంత సందు ఉంది, అందులోంచి ఎర్రటి నీళ్లు సన్నటి ధారగా కారాయి. గ్లాసెడు ఉంటాయి. వెంటనే రెండింటికీ అడుగున చివర్లలో రంధ్రాలు వేసి, లోపల మైనం స్ప్రే కొట్టాను. ఇది మొదటిరోజే చేయాల్సిన పని.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పూత సరిగా అంటుకున్నచోట అది నిజంగా మొండిది. గ్రైండరుకు తీగ బ్రష్షు పెట్టి రుద్దితే రేగకుండా వేడికి మెత్తబడి పులుముకుంది. ఆదివారమంతా దానికే సరిపోయింది. గుంటలు పడినచోట తుప్పును మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, రెండు పొరలు ఎపాక్సీ ప్రైమరు (రంగు కింద వేసే అడుగుపూత), రెండు పొరలు మామూలు నల్ల ఎనామిల్ కొట్టాను. చూడటానికి అంత అందంగా లేదు. కానీ గీత పడితే అరగంటలో సరిచేసుకోగలను, ఎక్కడ తుప్పు మొదలైనా వెంటనే బయటపడుతుంది. నాకు కావలసింది ఇదే. ప్రతి అక్టోబరులో మంచుకు ముందు ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి కింద పడుకుని చూస్తాను.

కొన్న కొత్తలో మిత్రులందరికీ నేను గొప్పగా చెప్పిన ఇంకో విషయం, ఇవి మెట్టులా పనికొస్తాయని. 2023 వేసవిలో అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు చీరకుచ్చెళ్లు పట్టుకుని ఈ గొట్టం మీద కాలు పెట్టి ఎక్కేది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, నా చెయ్యి అడక్కుండా ఎక్కుతుంటే నాకెంత తృప్తి కలిగిందో. కానీ నావి ఇరవై డిగ్రీల పైకి వాలు ఉన్నవి. వాన పడ్డ రోజు ఆమె చెప్పు జారింది, తలుపు పిడి పట్టుకుంది కాబట్టి పడలేదు. గరుకు పట్టీ అంటించాను. ఆ పట్టీ కిందా తేమ నిలిచి తుప్పు పట్టింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాలు లేనివి, పైన పలక ఉన్నవి తీసుకోండి. రాళ్ల మీద ఎత్తు కాస్త తగ్గుతుంది, ఫరవాలేదు.

మళ్లీ కొనాల్సివస్తే ఇవే కొంటాను, పూత లేకుండా. అయితే నాకు గ్యారేజీ ఉంది, గ్రైండరు ఉంది, పిలిస్తే వచ్చే బావమరిది ఉన్నాడు. అపార్టుమెంటులో ఉండేవారు రంగు ఎక్కడ కొట్టుకుంటారు? ఫీనిక్స్‌లో, డాలస్‌లో మా దగ్గరలా చలికాలమంతా ఈ ఉప్పు ఉండదు. అక్కడ ఇదే పూత పదేళ్లు నిలిచినా ఆశ్చర్యపోను. పౌడర్ కోటింగే కావాలనుకుంటే, ఉక్కును ముందు ఇసుకతో కొట్టి శుభ్రం చేశారా, కింద జింకు ప్రైమరు వేశారా అని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు.

నా చేత్తో వేసిన రంగు ఇప్పటికి ఒక చలికాలమే చూసింది. నిన్న చూస్తే కుడి స్లైడరు వెనక మూలలో చిన్న పొక్కు మళ్లీ కనిపించింది, ఆవగింజంత. ఈ శనివారం మంచు పడకముందే గీకి ప్రైమరు పెడతాను.