నర్సంపేట గిర్నిల చపాట కారం పట్టించుకున్నం, ఎట్లుందంటే

మామిడికాయ తొక్కుకని ఈసారి కారం ప్యాకెట్లు బంద్ పెట్టి హన్మకొండ నుంచి నర్సంపేట పోయినం, 40 కిలోమీటర్లు ఉంటది గంతే. మా మేనత్తోళ్లది దుగ్గొండి దిక్కు, "కాయ నేనిస్త బిడ్డా, గిర్నికాడ నిలబడి పట్టించుకో, ఇడిచిపెట్టి పోకు" అన్నది.

చపాట తెల్వనోళ్లకు చెప్తున్న, దీన్నే టమాట మిర్చి అంటరు, బుడ్డగ గుండ్రంగ ఉంటది, మంట తక్కువ, రంగు మాత్రం ఎరుపంటే ఎరుపు. 2025ల జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతం పంట అని సర్కారు గుర్తింపు, వచ్చింది. మంట ఎక్కువుండే తేజ రకం మిర్చి అంత దిగుబడి రాదు, అయినా ఇక్కడి రైతులు సొంత విత్తనం దాచుకొని ఏస్తనే ఉన్నరు. 2021ల నల్ల తామర పురుగు వచ్చినప్పుడు అత్తోళ్లు తోటంతా దున్నేసిన్రు, విత్తనం మూట మాత్రం అటుక మీద భద్రంగ ఉండె, అదే మళ్ల పోసిన్రు.

గిర్నాయన మీద నాకు మస్తు గౌరవం కలిగింది. ప్రతి సంచిల చెయ్యి పెట్టి కాయ విరిచి చూస్తడు, నా ముందటాయన కాయ మెత్తగుందని "ఇంకో ఎండ పెట్టి తీస్కరా కాకా" అని వాపస్ పంపిండు, పైసలొస్తయి కదా అని పట్టియ్యలే. ఇబ్బంది ఏందంటే కూసునే జాగ లేదు, ఆడోళ్లు ఎండల రెండు గంటలు నిలబడ్డరు, ఒక్క బెంచీ ఏస్తే బాగుండు. ఇంకోటి, మనకంటే ముందు తేజ పట్టిస్తే మొదటి గుప్పెడు అది కలుస్తది, ఆ మొదటిది వేరే కవర్ల పట్టుకోండి.

నిలబడ్డంతసేపు రైతుల ముచ్చట్లే విన్న. పాకాల చెరువుల నీళ్లు ఎంతున్నయి, యాసంగికి అందుతయా లేదా అని. 1213ల కాకతీయ గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు, ఇయ్యాల్టికి ఈ దిక్కు వరి రైతు పొద్దున లేస్తే దాని గురించే అడుగుతడు. కమ్యూనిస్టు నాయకుడు మద్దికాయల ఓంకార్‌ను ఐదుసార్లు అసెంబ్లీకి పంపిన ఊరు ఇది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర పడ్డదంటే "ఎందుకు పడ్డదో లెక్క చెప్పాలె" అని గట్టిగ మాట్లాడుకుంటున్నరు, ఎవ్వరి గొంతుల బెదురు లేదు. నాకు ఊరు అక్కడనే నచ్చింది.

తొక్కు పెట్టి నెల దాటింది, పైన తేలిన నూనె కూడ ఎర్రగనే ఉంది. కూరలకైతే మంట సరిపోతలేదు, పావు వంతు తేజ కలుపుతున్నం. వచ్చే ఏడు మార్చిల, కాయ కల్లంల ఉన్నప్పుడే పోతం.