లిథా పండగకి వెళ్లొచ్చాం: గ్లాస్టన్‌బరీలో ఆ బస మాత్రం వద్దు

లిథా అంటే విచ్‌క్రాఫ్ట్ పాటించేవాళ్ల వేసవి పండగ. దానికోసం ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీలో "విచ్‌ల కోసం ప్రత్యేకం" అని చెప్పుకునే ఒక బసకి రెండు రాత్రులకి 290 పౌండ్లు కట్టి, చిన్న మంట కూడా వేసుకోకుండా బయటికొచ్చాం. అదే పండగ, పాతకాలపు రాతి వలయం ఉన్న ఏవ్‌బరీ ఊళ్లో ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, కారు పార్కింగ్ డబ్బులతో జరిగిపోయింది. ఇంగ్లండులో ఉండే మనవాళ్లు కొందరు ఈ పండగలకి ఎక్కడికెళ్లాలి, ఎంతవుతుంది అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను విచ్‌క్రాఫ్ట్ పాటిస్తాను, అంటే ప్రకృతినీ పాత దేవతల్నీ కొలిచే దారి. చేతబడి చేస్తోందని ఆడవాళ్లని కొట్టి చంపిన వార్తలు చదువుతూ పెరిగినవాళ్లకి ఈ మాట వింటే గుండె గుబేలుమంటుందని నాకు తెలుసు. ఇక్కడా ఒకప్పుడు అదే జరిగింది. మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడాన్ని నేరం చేసిన 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం ఇంగ్లండులో 1951లో రద్దయింది, ఆ తర్వాతే ఈ కాలపు విచ్‌క్రాఫ్ట్‌కి బాట వేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ లాంటివాళ్లు బాహాటంగా రాయగలిగారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 74,000 మంది పేగన్లమనీ (పాత ప్రకృతి దేవతల్ని కొలిచేవాళ్లు), 13,000 మంది విక్కా (గార్డ్‌నర్ బాట) అనీ రాయించుకున్నారు. మాకు ఏడాదికి ఎనిమిది పండగలు: సావిన్, యూల్, ఇంబోల్క్, ఓస్టారా, బెల్టేన్, లిథా, లామస్, మేబన్. ఎండ పెరగడం, తగ్గడం, గొర్రెలు ఈనడం, పంట కోతకి రావడం, వీటన్నిటికీ ఒక్కో పండగ. నన్ను ఇటు లాగింది సావిన్. అక్టోబరు 31 రాత్రి ఆఫీసు స్నేహితురాలు వాళ్లింట్లో చనిపోయిన పెద్దలకి కంచంలో వడ్డించి, ఒక్కొక్కరి పేరూ పలికి, ఆ తర్వాతే తను తింది. మహాలయ అమావాస్యకి మా నాయనమ్మ చేసేదీ అదే. నాకు పరాయిగా అనిపించలేదు.

లిథా అంటే జూన్‌లో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు. 2024లో ఆ పండగకి మావారు, తెనాలి నుంచి వచ్చిన మా పిన్ని, నేను రెడింగ్ నుంచి కార్లో బయల్దేరాం. పిన్నికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, శాకాహారి. "నువ్వు చేసేదేంటో కళ్లారా చూస్తే గానీ మీ అమ్మకి చెప్పలేను" అని పట్టుబట్టి వచ్చింది. మావారికి ఇవేవీ పట్టవు గానీ, డ్రైవింగ్ ఆయనదే.

ఇక ఆ బస. ప్రకటనలో మూడు మాటలు చూసి బుక్ చేశాను: సొంత తోట, మంట వేసుకునే చోటు, శాకాహార అల్పాహారం. తీరా వెళితే తోట నాలుగు గదులవాళ్లకీ ఉమ్మడిది. మంట గుంట ఉంది, దాని మీద ఇనప మూత, మూతకి తాళం. తాళం తీయాలంటే 40 పౌండ్లు, కట్టెలు వేరే. ఇది ముందే ఎందుకు చెప్పలేదంటే ఓనరమ్మ నా మొహం వైపు చూడకుండా, "మా సూర్యోదయ పూజలో చేరితే మంట అందులోనే వస్తుంది" అంది. ఆ పూజ మనిషికి 25. అంటే నా పండగ నేను చేసుకోవడానికి వీల్లేదు, ఆవిడ దగ్గర కొనుక్కోవాలి. లిథాకి మంటే ప్రాణం. భోగి రోజు ఎవరైనా వచ్చి మన వాకిట్లో మంటకి డబ్బులు అడిగితే ఎలా ఉంటుందో నాకు అలాగే ఉంది.

గదిలో చెమ్మ వాసన. దాన్ని కప్పడానికి అగరొత్తుల పొగ. కిటికీ తెరుద్దామంటే రెక్కకి రంగు వేసి అతుక్కుపోయింది. పిన్ని రాత్రంతా దగ్గుతూనే ఉంది. పొద్దున శాకాహార అల్పాహారం అంటే తలా ఒక ప్లాస్టిక్ కప్పులో గ్రనోలా, పెరుగు. అంతే. మావారు వెళ్లి సూపర్ మార్కెట్లో బ్రెడ్డు, అరటిపళ్లు తెచ్చేసరికి పదకొండు పౌండ్లు అయ్యాయి, ఆయన మొహం అప్పటికే మాడిపోయింది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి. హాల్లో చెప్పుల స్టాండు పక్కన, నేల మీద, ఇత్తడి వినాయకుడు ఉన్నాడు. జానెడు విగ్రహం, తొండం మీద దుమ్ము పేరుకుంది, ఎవరిదో తడి బూటు ఆనించి ఉంది. పిన్ని ఏమీ అనకుండా వంగి, విగ్రహం ఎత్తి, కొంగుతో తొండం, చెవులు, బొజ్జ అన్నీ తుడిచి టేబుల్ మీద పెట్టింది. ఓనరమ్మ వచ్చి అలంకరణ సామాన్లు కదపొద్దంది. నేను సర్దిచెప్పబోతుంటే ఆవిడ పిన్ని బొట్టు వైపు చూసి, "ఈవిడ ఇక్కడ నిలబడితే ఒక ఫొటో తీసుకుంటాను, మా పేజీలో బాగుంటుంది" అంది. దేవుడు అలంకరణ, మా పిన్ని ప్రచారం. "అమ్మాయ్, ఈవిడకి వద్దని చెప్పు, గట్టిగా చెప్పు" అంది పిన్ని. చెప్పాను. రెండో రోజు నుంచి ఆవిడ మాతో మాట్లాడలేదు, తువ్వాళ్లు మార్చలేదు.

విచ్‌నని చెప్పుకునే మనిషి ఇలా చేయడం నాకు మరీ కష్టంగా ఉంది. అన్ని దేవతల్నీ గౌరవిస్తామని చెప్పుకునే దారి ఇది. గౌరవించడం చేతకాకపోతే వాళ్ల విగ్రహాలు ఇంట్లో పెట్టుకోకూడదు.

ఊరు మాత్రం మంచిది. టోర్ కొండ ఎక్కడానికి టికెట్టు లేదు. పైన సెయింట్ మైకేల్ గోపురం, కింద సోమర్సెట్ పచ్చిక అంతా కనిపిస్తుంది, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. చాలిస్ వెల్ తోటకి టికెట్టు ఉంది, పెట్టొచ్చు. అక్కడి ఊటనీళ్లలో ఇనుము ఎక్కువ, పారిన రాయి అంతా ఎర్రబారింది. పిన్ని దోసిట పట్టి తాగి "తుప్పు రుచి" అంది, అయినా సీసాలో పట్టించుకుంది. హై స్ట్రీట్ షాపుల్లో చీపుర్లు, కొవ్వొత్తులు, రాళ్లు చాలా ఖరీదు. ఒక మామూలు పుల్లల చీపురు 38 పౌండ్లు చెప్పారు. మీ పెరట్లో, దారి పక్కన పెరిగే మూలికలే ఈ పూజలకి అసలైనవి. ఎక్కడినుంచో తెచ్చిన సేజ్ కట్టలు (పొగ వేసే ఎండు ఆకులు) కొనకండి.

జూన్ 20 సాయంత్రం ఖాళీ చేసి, వేల ఏళ్ల నాటి రాతి వలయం స్టోన్‌హెంజ్ దారి పట్టాం. ముందు రోజే ఇద్దరు పర్యావరణ ఆందోళనకారులు రాళ్ల మీద నారింజ రంగు పొడి చల్లారని వార్తల్లో వచ్చింది. లోపలికి రానిస్తారో లేదోనని మావారికి ఒకటే టెన్షన్. కానీ ఆ చోటుని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్లు అప్పటికే శుభ్రం చేయించారు, ఏర్పాట్లలో మార్పు లేదు. మామూలు రోజుల్లో అక్కడ టికెట్టు కొన్నా దూరం నుంచే చూడాలి. ఈ రాత్రి మాత్రం రాళ్ల మధ్యకి వెళ్లనిస్తారు, ప్రవేశం ఉచితం. ఆ ఏడాది పార్కింగ్ 15 పౌండ్లు, అక్కడినుంచి అరగంట నడక. సారా, గాజు సీసాలు, స్లీపింగ్ బ్యాగులు, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. బొంతలు కార్లోనే వదలాల్సొచ్చింది. వెళ్లేవాళ్లు ఒంటి మీద పొరలు పొరలుగా వేసుకెళ్లండి, జూన్ అని నమ్మకండి. తనిఖీ చేసిన కుర్రాడు పిన్ని సంచిలో పులిహోర డబ్బా తెరిచి వాసన చూసి, నవ్వి, మూత జాగ్రత్తగా పెట్టి ఇచ్చాడు. సిబ్బంది అంతా మర్యాదస్తులు.

ఈ ఉచిత ప్రవేశం ఊరికే రాలేదు. 1985లో ఇక్కడి వేసవి సంబరాన్ని నిషేధించి, వస్తున్న వాహనాలని జూన్ 1న పోలీసులు అడ్డగించి, మనుషుల్ని చితకబాది వందలమందిని అరెస్టు చేశారు. మళ్లీ 2000లో గానీ ఈ రాత్రికి అందరినీ రాళ్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ పదిహేనేళ్లూ పట్టు వదలకుండా అడిగినవాళ్ల పుణ్యమే మేం అక్కడ నిలబడడం.

రాత్రంతా రాళ్ల నడుమ డ్రమ్ములే. సందడి ఇష్టపడేవాళ్లకి బాగుంటుంది. పూజ చేసుకుందామంటే ఏకాంతం దొరకదు, ఫోన్లు పైకెత్తి వేలమంది. మరుగుదొడ్డి వరసలో ఇరవై నిమిషాలు. కాగితం కప్పులో టీ మూడున్నర పౌండ్లు. అర్ధరాత్రికి మావారు "నా వల్ల కాదు" అని కార్లోకెళ్లి పడుకున్నారు. పిన్ని మాత్రం శాలువా తల మీంచి కప్పుకుని, దక్షిణం వైపు చూస్తూ కూర్చుంది. చంద్రుడు నేలకి అంత దగ్గరగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. సుమారు 18.6 ఏళ్లకోసారి చంద్రుడి దారి అలా బాగా కిందికి దిగుతుందట, 2024లో అదే జరిగింది. "తెల్లారితే ఏరువాక పున్నమి కదే" అంది పిన్ని ఉన్నట్టుండి. నిజమే. లిథా, ఏరువాక ఒకే రోజు పడ్డాయి.

నాలుగు దాటాక ఆకాశం తెల్లబడింది. ఐదు కావడానికి ఇంకో ఎనిమిది నిమిషాలుందనగా వలయం బయట ఒంటరిగా ఉండే హీల్ స్టోన్ రాయి వైపు సూర్యుడు వచ్చాడు, జనం ఒక్కసారిగా అరిచారు. పిన్ని లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

ఏవ్‌బరీ అక్కడికి కార్లో ముప్పావు గంట. అప్పుడు పార్కింగ్ 7 పౌండ్లు, రాళ్ల దగ్గర టికెట్టు లేదు, తాడు లేదు. ప్రపంచంలోనే పెద్ద రాతి వలయం, అందులో సగం ఊరు, ఒక పబ్బు, రాళ్ల మధ్య గొర్రెలు మేస్తుంటాయి. రాళ్లు చెక్కలేదు, ఉన్నవి ఉన్నట్టే నిలబెట్టారు. మధ్యయుగాల్లో వీటిలో చాలా పడగొట్టి పూడ్చేశారు. 1930లలో మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపారం డబ్బున్న అలెగ్జాండర్ కీలర్ తవ్వించి మళ్లీ నిలబెట్టించాడు. 1938లో ఒక రాయి కింద అస్థిపంజరం బయటపడింది, దాంతోపాటు కత్తెర, నాణేలు. పిన్నికి ఆ కథ చెప్తే ఆ రాయి ఏదో చూపించమని పట్టుకుంది.

దక్షిణం వైపు ఇరవైమంది దాకా వలయంగా నిలబడి ఉన్నారు. ఎక్కువమంది పెద్దవాళ్లే, తల మీద ఓక్ ఆకుల దండలు. మేం దూరంగా ఆగితే ఒక పెద్దావిడ చేత్తో పిలిచి, పక్కవాళ్లని జరిపి, మా ముగ్గురికీ చోటిచ్చింది. పేరు అడగలేదు, డబ్బు అడగలేదు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పుని, పడమట నీటిని, ఉత్తరాన మట్టిని పిలిచారు. నిప్పు అంటే లాంతరులో ఒక్క కొవ్వొత్తి. ఆ తర్వాత ఓక్ రాజు (పగలు పెరిగే కాలం), హాలీ రాజు (పగలు తగ్గే కాలం) వేషాలవాళ్లు కర్రలతో తలపడ్డారు. ఈ రోజు నుంచి పగలు తగ్గుతుంది కాబట్టి హాలీ రాజు గెలవాలి. "పాపం, ఆ పడిపోయినాయన లేస్తాడా?" అంది పిన్ని. డిసెంబరులో యూల్‌కి లేస్తాడంటే ఊరుకుంది.

చివర్లో తేనె రాసిన రొట్టె, స్ట్రాబెర్రీలు, ఎల్డర్ పువ్వుల షర్బత్తు చేతులు మారుతూ వచ్చాయి. పిన్ని నన్ను అడక్కుండానే డబ్బా మూత తీసింది. నిమ్మకాయ పులిహోర, రాత్రంతా ఊరి పల్లీలు మెత్తబడ్డాయి, కరివేపాకు నల్లబడింది. చేత్తోనే తలా పిడికెడు పెట్టింది. పెద్దావిడ కరివేపాకు కూడా నమిలేసి, పసుపు వేళ్లకి అంటితే చూసుకుని, ఈ రోజు మీకూ పండగేనా అని అడిగింది. పిన్ని తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లిష్‌లో చెప్పాను: తాతయ్య ఎడ్లని చెరువులో కడిగేవాడని, కొమ్ములకి రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి పెట్టి, తర్వాతే అరక కట్టేవాడని. ఎడ్లు తిన్నాకే మనుషులు తినాలి అన్నప్పుడు అక్కడ ఒకాయన టోపీ తీశాడు. ఆయన గొర్రెల కాపరి అని తర్వాత తెలిసింది. మావారు రెండోసారి రొట్టె అడిగి తిన్నారు. రెండు రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను.

వెళ్లేవాళ్లు తూర్పు గట్టు మీది బీచ్ చెట్లు చూడండి, వేళ్లు నేల మీద తాళ్లలా అల్లుకుపోయి ఉంటాయి. కొమ్మలకి రిబ్బన్లు కట్టి ఉంటాయి. దయచేసి నైలాను, ప్లాస్టిక్కు కట్టకండి, కొమ్మకి ఉరి పడుతుంది. దగ్గర్లోని వెస్ట్ కెన్నెట్ పాత రాతి సమాధికి పిన్ని మోకాళ్లకి భయపడి నేనొక్కదాన్నే వెళ్లాను. లోపల రాళ్ల మీద కొవ్వొత్తుల మసి, కరిగిన మైనం. వేల ఏళ్లు నిలిచిన రాయిని పూజ పేరుతో కాల్చడం నాకు కడుపు మండింది. దీపం పెట్టాలంటే ఇంటికెళ్లి పెట్టుకోండి.

మొత్తం ఖర్చు, పెట్రోలు కాక: బస 290, పార్కింగ్‌లు 22, తిండి, చాలిస్ వెల్ టికెట్లు కలిపి 70 దాకా. బసవాళ్లకి మంట గుంట తాళం ఫొటో, ప్రకటన ఫొటో పక్కపక్కనే పెట్టి రాశాను. జవాబు లేదు. బుక్ చేసిన సైటువాళ్లకి అవే పంపితే 65 పౌండ్లు వెనక్కి వేశారు. మిగతాదానికి బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది. ఆగస్టు 1న లామస్‌కి మళ్లీ ఏవ్‌బరీకే వెళ్తున్నాం. పెద్దావిడ పులిహోర చేసే విధానం రాసి తెమ్మంది, పిన్ని తెనాలి వెళ్లేముందే కొలతలతో సహా చెప్పి రాయించింది.